గొలుసు మీ చేతిలో ఉంటే బాధ్యతా మీదే!

విదేశంలో చదువుకుంటూ పక్కింటివాళ్ల కుక్కను తిప్పితే నాలుగు డబ్బులు వస్తాయి. వినడానికి తేలికైన పార్ట్‌టైమ్ పనే. కానీ ఆ పని వెనక వీసా షరతులున్నాయి, స్థానిక చట్టాలున్నాయి. బ్రిటన్ ఉదాహరణతో వాటిని తెలుసుకుందాం.

వీధికుక్కల సమస్య 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, టీకాలు వేశాక పట్టుకున్నచోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉండేవాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలని నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. మీ కాలేజీ క్యాంటీన్‌లోనూ దీనిమీద వాదోపవాదాలు జరిగే ఉంటాయి.

ఈ చర్చంతా యజమాని లేని కుక్క గురించి. మీలో కొందరు మాస్టర్స్ కోసం ఈ ఏడాదో, వచ్చే ఏడాదో విమానం ఎక్కబోతున్నారు. బ్రిటన్‌లో దిగాక మీకు కనిపించే కుక్క మెడకు బెల్టు, బెల్టుకు గొలుసు, ఆ గొలుసు రెండో చివర ఒక మనిషి ఉంటారు. ఎవరూ వెంట లేకుండా తిరిగే కుక్కను కౌన్సిల్ సిబ్బంది పట్టుకెళ్తారు. యజమాని 7 రోజుల్లోగా వచ్చి తీసుకెళ్లాలి. అక్కడి చట్టం కుక్కతోపాటు దాన్ని పట్టుకున్న మనిషినీ చూస్తుంది. ఆ మనిషి మీరే అయితే?

‘రోజుకో గంటేగా!’

లెస్టర్‌లో చదువుతున్నారనుకోండి. పక్కింటి పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. ‘సాయంత్రాలు మా కుక్కను పార్కుకు తీసుకెళ్తావా? వారానికి 40 పౌండ్లు ఇస్తాను’ అంది. రెస్టరెంట్‌లో అర్ధరాత్రి దాకా గిన్నెలు తోమడం కంటే ఇది హాయి అనిపిస్తుంది. తెలుగు విద్యార్థుల వాట్సప్ గ్రూపులో అడిగితే ఎవరో ఒక అన్న వెంటనే జవాబిస్తాడు: ‘ఏం కాదురా, చేసెయ్. చేతికిచ్చే డబ్బులే కదా, ఎవరికి తెలుస్తుంది?’

ఈ పనికి గిరాకీ నిజమే. బ్రిటన్‌లో పెంపుడు కుక్కలు కోటికి పైగానే ఉన్నాయి. పొద్దున ఆఫీసుకెళ్లి సాయంత్రం వచ్చే యజమానులు వాటిని తిప్పడానికి మనుషుల్ని పెట్టుకుంటారు. ‘డాగ్ వాకర్’ అనేది అక్కడ గౌరవంగా చెప్పుకొనే వృత్తి. పని దొరికించే యాప్‌లు కూడా ఉన్నాయి. పని మంచిదే. ఆ పని చేసే అనుమతి మీ వీసాకు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

వీసా ఏమంటోంది?

బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై స్థాయి కోర్సులు చదివేవారు సాధారణంగా టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఈ సంగతి దాదాపు అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది రెండో షరతు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు.

స్వయం ఉపాధి అంటే షాపు తెరవడం, కంపెనీ పెట్టడం ఒక్కటే కాదు. మీ రేటు మీరే చెప్పి, మీ కస్టమర్‌కు మీరే పని చేసి, పే స్లిప్ లేకుండా డబ్బు తీసుకుంటే అదీ ఆ కోవలోకే వస్తుంది. పక్కింటావిడ కుక్కను తిప్పినా, యాప్‌లో ప్రొఫైల్ పెట్టి పది ఇళ్ల కుక్కల్ని తిప్పినా చిక్కు ఒకటే. వారానికి 5 గంటలే చేశాను, 20 దాటలేదు కదా అనే వాదన ఇక్కడ నిలవదు. గంటల పరిమితి వేరు, పని స్వభావం మీద ఉన్న నిషేధం వేరు.

ఇంకో పొరపాటు పన్ను దగ్గర జరుగుతుంది. బ్రిటన్‌లో చిన్నచిన్న వ్యాపార ఆదాయంలో ఏడాదికి 1000 పౌండ్ల వరకు పన్ను మినహాయింపు ఉంది. ‘వెయ్యి లోపు ఫర్వాలేదంట’ అని విద్యార్థులు చెప్పుకొనేది దీన్ని చూసే. అది పన్ను శాఖ ఇచ్చిన వెసులుబాటు. వీసా ఇచ్చిన శాఖ అలాంటి మినహాయింపేమీ ఇవ్వలేదు.

షరతు మీరితే ఏమవుతుంది? 2016 నాటి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం అనుమతి లేని పని చేయడం నేరం. ఆ సంపాదనను స్వాధీనం చేసుకునే వీలు కూడా ఉంది. సంగతి తెలిస్తే యూనివర్సిటీ దాన్ని వీసా అధికారులకు తెలియజేయాల్సి ఉంటుంది. వీసా రద్దు కావచ్చు, తర్వాతి దరఖాస్తుకు అది మచ్చగా మిగలొచ్చు. యాప్‌ల ద్వారా పనిచేసేవారికి కూడా ‘రైట్ టు వర్క్’ తనిఖీలను విస్తరిస్తామని 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ‘ఎవరికి తెలుస్తుంది’ అనే ధీమాకు చోటు తగ్గుతోంది.

ఇంట్లో లోను తీసుకుని, పొలమో బంగారమో తాకట్టు పెట్టి పంపిన చదువు అది. దాన్ని వారానికి 40 పౌండ్ల కోసం పణంగా పెడతారా?

బోర్డు చదవడం రావాలి

వీసా ఇబ్బంది లేదనుకుందాం. స్నేహితుడు ఊరెళ్తూ రెండ్రోజులు తన కుక్కను చూసుకోమన్నాడు. డబ్బుల ప్రసక్తే లేదు. అయినా గొలుసు నిబంధనలు వర్తిస్తాయి.

అమెరికాలో ‘లీష్’ అనేదాన్ని బ్రిటన్‌లో ‘లీడ్’ అంటారు. ఇంగ్లండ్‌లో అన్నిచోట్లా కుక్కకు గొలుసు ఉండాల్సిందేనన్న ఒకే జాతీయ చట్టం లేదు. పార్కుల్లో విడిచిపెట్టి పరుగెత్తించేవాళ్లు కనిపిస్తారు. అది చూసి మీరూ వదిలేయొద్దు. ఎందుకంటే ఎక్కడ వదలొచ్చో, ఎక్కడ కూడదో స్థానిక కౌన్సిళ్లు నిర్ణయిస్తాయి. 2014 నాటి చట్టం వాటికి ఈ అధికారమిచ్చింది. ఈ ఉత్తర్వులు సాధారణంగా ఇలా ఉంటాయి:

- ఫలానా పార్కులో, ఫలానా దారిలో కుక్కను గొలుసుతోనే నడిపించాలి.
- పిల్లల ఆటస్థలంలోకి కుక్కను తీసుకురాకూడదు.
- అధికారి చెబితే వెంటనే గొలుసు తగిలించాలి.
- కుక్క మలవిసర్జన చేస్తే వెంటనే ఎత్తేయాలి.
- ఒక్కరే ఇన్ని కుక్కలకు మించి నడిపించకూడదు.

ఉత్తర్వు మీరితే అక్కడికక్కడే జరిమానా పడొచ్చు. కోర్టు దాకా వెళ్తే 1000 పౌండ్ల వరకు వేయొచ్చు. పక్క వీధి వేరే కౌన్సిల్ కిందకి వస్తే నిబంధన కూడా మారొచ్చు. అందుకే పార్కు గేటు దగ్గర బోర్డు చదవకుండా లోపలికి అడుగుపెట్టకండి.

రోడ్డు పక్కన నడిచేటప్పుడు పొట్టి గొలుసుతో ఉంచాలని హైవే కోడ్ చెబుతోంది. బహిరంగ ప్రదేశంలో కుక్క మెడ బెల్టుకు యజమాని పేరు, చిరునామా ఉన్న బిళ్ల తప్పనిసరి. పల్లెల వైపు వెళ్తే ఇంకాస్త జాగ్రత్త అవసరం. అందరికీ ప్రవేశమున్న కొండ, బీడు భూముల్లో మార్చి 1 నుంచి జులై 31 వరకు 2 మీటర్లకు మించని గొలుసు ఉండాలి. నేలమీద గూళ్లు కట్టే పక్షుల కోసం ఈ ఏర్పాటు. పశువుల దగ్గర ఏడాదంతా ఇదే నియమం. గొర్రెలను తరిమే కుక్కను రైతు చంపినా కొన్ని పరిస్థితుల్లో చట్టం తప్పు పట్టదు.

కరవకపోయినా కేసే

1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం అందరూ తెలుసుకోవాల్సినది. ‘ప్రమాదకరంగా అదుపు తప్పిన కుక్క’ అంటే మనిషిని కరిచినది మాత్రమే కాదు. అది తనను గాయపరుస్తుందేమోనని ఎదుటి మనిషి సహేతుకంగా భయపడినా చాలు. వీధిలోనే కాదు, 2014 నుంచి ఇంటి ఆవరణలో జరిగినదానికీ ఇది వర్తిస్తోంది.

శిక్ష ఎవరికి? యజమానికి. ఆ సమయంలో కుక్క వేరొకరి ఆధీనంలో ఉంటే ఆ వ్యక్తికి కూడా. ‘కుక్క నాది కాదండీ’ అంటే సరిపోదు. అదుపు తప్పినందుకు 6 నెలల వరకు జైలు, పరిమితి లేని జరిమానా ఉండొచ్చు. మనిషి గాయపడితే 5 ఏళ్లు, చనిపోతే 14 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. అందుకే స్నేహితుడి కుక్కను తీసుకెళ్లే ముందు మూడు విషయాలు అడగండి. పిలిస్తే వెనక్కి వస్తుందా? ఇతర కుక్కల్ని, పిల్లల్ని చూస్తే ఎలా ప్రవర్తిస్తుంది? బీమా ఉందా, ఉంటే అది మీరు నడిపించేటప్పుడూ వర్తిస్తుందా?

నాలుగో ప్రశ్న జాతి గురించి. వరస దాడుల తర్వాత ‘ఎక్స్‌ఎల్ బుల్లీ’ రకాన్ని నిషేధిత జాబితాలో చేర్చారు. 2023 డిసెంబరు 31 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని బయటికి తీసుకెళ్తే గొలుసు, మూతిబుట్ట రెండూ ఉండాలి. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా పెంచుకోవడమే నేరం. ఆ పత్రం చూడకుండా గొలుసు అందుకోవద్దు.

కుక్కలంటే భయపడేవారికి కూడా ఈ చట్టమే రక్ష. మీద పడబోయిన కుక్క గురించి మీరు ఫిర్యాదు చేయొచ్చు. మన ఊళ్లలోలాగా రాయి కోసం వంగడం మాత్రం మానుకోండి. జంతువును అనవసరంగా హింసిస్తే 2006 నాటి జంతు సంక్షేమ చట్టం కింద మీరే ఇరుక్కుంటారు.

దేశం మారితే లెక్క మారుతుంది

ఇదంతా బ్రిటన్ సంగతి. ఇదే పని ఆస్ట్రేలియాలో వేరు. అక్కడ విద్యార్థులు కోర్సు జరుగుతున్నప్పుడు 2 వారాలకు 48 గంటల వరకు పని చేయొచ్చు. వ్యాపార నంబరు తీసుకుని సొంతంగా చేసే పని కూడా ఆ గంటల లోపల అనుమతించేదే. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా క్యాంపస్ బయట డబ్బుకు ఏ పనీ చేయకూడదు, కుక్కను తిప్పడం సహా. న్యూయార్క్‌లో గొలుసు 6 అడుగులు మించకూడదు. కొన్ని పార్కుల్లో మాత్రం పొద్దున 9 లోపు, రాత్రి 9 తర్వాత వదిలే వీలుంది. జర్మనీలో విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజుల పని పరిమితి ఉంది. స్వయం ఉపాధికి విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి. అక్కడ కుక్కకు పన్ను కూడా కట్టాలి. బెర్లిన్‌లో మొదటి కుక్కకు ఏడాదికి 120 యూరోలు.

మన దగ్గర చట్టం లేదని కాదు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం వల్ల మనుషులకు ప్రమాదం కలిగితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 5000 రూపాయల వరకు జరిమానా ఉంది. కానీ దాన్ని గట్టిగా అమలు చేయడం మనం పెద్దగా చూడలేదు. కాగితం మీది నిబంధనను ఎవరూ పట్టించుకోరన్న నమ్మకాన్ని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తే అక్కడ చిక్కుల్లో పడేది మనమే.

సరైన దారి ఉంది

కుక్కలంటే ఇష్టమా? అయితే ఆ ఇష్టాన్ని చంపుకోనక్కర్లేదు. కుక్కలను చూసుకునే సంస్థ మిమ్మల్ని ఉద్యోగిగా చేర్చుకుంటే, రాతపూర్వక ఒప్పందం, పే స్లిప్, పన్ను కోత ఉంటే, 20 గంటల లోపు చేసుకోవచ్చు. చేర్చుకునే ముందు అలాంటి సంస్థ మీ షేర్ కోడ్ అడిగి వీసా తనిఖీ చేస్తుంది. ఎవరూ కోడ్ అడగలేదంటే అనుమానించాల్సిందే. షెల్టర్‌లో సేవ చేయాలనుకుంటే ముందు ఒక తేడా తెలుసుకోండి. ఒప్పందంతో, తప్పనిసరి బాధ్యతలతో చేసేది జీతం లేకపోయినా పనే, 20 గంటల లెక్కలోకి వస్తుంది. చారిటీలో ఏ ఒప్పందమూ లేకుండా చేసే వాలంటీరింగ్ రాదు. తేడా తేలకపోతే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మెయిల్ చేయండి. రాతపూర్వక జవాబు తీసుకోండి.

చదువు పూర్తయి గ్రాడ్యుయేట్ వీసాకు మారితే స్వయం ఉపాధికి అనుమతి వస్తుంది. అప్పుడు పక్కింటావిడ కుక్కను డబ్బు తీసుకునే తిప్పొచ్చు. పని అదే, కుక్క అదే. మారింది మీ వీసా షరతు మాత్రమే.

ఈలోగా ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? ‘నా వీసాకు ఈ పనికి డబ్బు తీసుకునే అనుమతి లేదండీ’ అని మర్యాదగా చెప్పండి. నిబంధన చెబితే అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఏ దేశం వెళ్లినా, డబ్బులిచ్చే ఏ పని ఎదురొచ్చినా మొదట అడగాల్సింది ‘ఎంత ఇస్తారు’ అని కాదు. ‘నా వీసా దీన్ని ఒప్పుకుంటుందా, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది’ అని. ఈ రెండింటికీ జవాబు దొరికాకే గొలుసు అందుకోండి.