భూకంపం వస్తే ఫోన్ ముందే చెబుతుందా? అందులోని సెన్సర్‌కు ఉన్న హద్దులేంటి?

2024 డిసెంబర్ 4న ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, విజయవాడల్లోనూ ఇళ్లు ఊగాయి. ఇలాంటప్పుడల్లా చాలామంది అడిగేది ఒకటే: చేతిలో ఇంత ఖరీదైన ఫోన్ ఉంది కదా, అది ముందే చెప్పలేదా?

ఆండ్రాయిడ్ ఫోన్లకు భూకంప హెచ్చరికల సేవను గూగుల్ 2023 సెప్టెంబర్‌లో భారత్‌లో ప్రారంభించింది. ఇది జోస్యం కాదు. భూమి కదలడం మొదలయ్యాకే, ఎక్కడో కదలకుండా పెట్టి ఉన్న ఫోన్లు ఆ కుదుపును గుర్తించి సర్వర్‌కు చెబుతాయి. భూకంప తరంగాలు సెకనుకు కొన్ని కిలోమీటర్లే వెళ్తాయి, ఇంటర్నెట్ సందేశం అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా వెళ్తుంది. ఆ తేడా వల్ల దొరికే కొన్ని సెకన్లే మన చేతిలో ఉండేవి. కేంద్రానికి దగ్గర్లో ఉన్నవారికి అవి కూడా దక్కకపోవచ్చు. తీవ్రత 4.5 కంటే తక్కువైతే అసలు హెచ్చరికే రాదు.

మరి ఒక్క ఫోన్ చెబితే ఎందుకు నమ్మరు? బల్ల మీద చెయ్యి వేసి కొట్టినా ఫోన్‌కు కుదుపే. పైగా ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ అంటే సన్నని స్ప్రింగులకు వేలాడే చిన్న సిలికాన్ ముక్క. బలహీనమైన ప్రకంపనలు దాని సొంత నాయిస్‌లోనే కలిసిపోతాయి.

ఇంతకంటే సున్నితమైన పద్ధతి ఉంది. సిలికాన్ కడ్డీని నిరంతరం కంపించేలా చేసి, కుదుపు తగిలినప్పుడు దాని ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో లెక్కిస్తారు. దీన్నే రెజొనేటర్ అంటారు. నాయిస్‌ను మించి వినిపించాలంటే దాన్ని ఇంకా గట్టిగా కంపింపజేయాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది. వదులుగా ఉన్న తీగను గట్టిగా మీటితే శ్రుతి కాసేపు పెరిగి, తర్వాత దిగుతుంది కదా! రెండు చివరలా బిగించిన కడ్డీ కూడా అంతే. ఎక్కువగా ఊగితే సాగుతుంది, బిగుసుకుంటుంది, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. బయటి నుంచి కుదుపేమీ లేకున్నా కుదుపు వచ్చినట్టే లెక్క కడుతుంది. ఇంకా పెంచితే ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న ఊపు, పెద్ద ఊపు రెండూ సాధ్యమే. చిన్న తాకిడికే ఒకదాని నుంచి మరోదానికి దూకేస్తుంది. దీన్నే నాన్‌లీనియర్ ప్రవర్తన అంటారు. ఈ దూకుడునే గ్యాస్‌ను పసిగట్టే స్విచ్‌లా వాడుకోవాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. కానీ కుదుపు ఎంతో కొలవాల్సిన చోట అది పనికిరాదు.

కింద నాయిస్, పైన ఈ హద్దు. పరికరం చిన్నదయ్యే కొద్దీ ఈ రెంటి మధ్య చోటు తగ్గుతుంది. అందుకే గూగుల్ సున్నితత్వం కంటే ఫోన్ల సంఖ్యను నమ్ముకుంది. అదీ ప్రతిసారీ చాలదు. 2023 ఫిబ్రవరిలో తుర్కియేలో వచ్చిన 7.8 తీవ్రత భూకంపాన్ని ఈ వ్యవస్థ 5 కంటే తక్కువగా అంచనా వేసింది. లోపం అల్గారిథమ్‌లో ఉందని గూగుల్ పరిశోధకులే తర్వాత వెల్లడించారు.

కాబట్టి భూమిలో స్థిరంగా అమర్చిన ప్రభుత్వ సీస్మోగ్రాఫ్‌లకు ఫోన్ ప్రత్యామ్నాయం అనుకోవద్దు. మీ ఫోన్‌లో ఈ సేవ పనిచేయాలంటే సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలోకి వెళ్లి ఎర్త్‌క్వేక్ అలర్ట్స్, దాంతోపాటు లొకేషన్ కూడా ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.