రెండో హోటల్‌కి ముందు ఒక వారం సెలవు

ఈమధ్య మా ఇంట్లో ఏ కబురు మొదలెట్టినా చివరికి ఒక్కచోటికే చేరుతోంది. రాజమండ్రిలో రెండో హోటల్ ఎప్పుడు?

మాది కడియంలో చిన్న టిఫిన్ హోటల్. ఆరు బల్లలు, పద్నాలుగు ఐటమ్‌లు. పొద్దున్నే నర్సరీ పనికెళ్లేవాళ్లు, కడియపులంకలో మొక్కలు లోడు చేయించుకోడానికొచ్చే లారీ డ్రైవర్లు మా మొదటి గిరాకీ. వంట అమ్మది, గల్లాపెట్టె నాన్నది. నేనేమో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ తొమ్మిది లక్షలు వెనకేశాను. దానవాయిపేటలో ఒక షాపు చూశాం. 2027లో గోదావరి పుష్కరాలు కదా, ఆలోపు తెరిచెయ్యమని చుట్టాలందరిదీ ఒకటే పోరు. పుష్కరాలు పన్నెండు రోజులే. అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి.

అందుకే ముందు లెక్క వేశాను. అద్దె 30 వేలు, మాస్టర్‌కి 28 వేలు, ఇద్దరు సప్లయర్లకి 30 వేలు, గిన్నెలు కడిగే మనిషికి 12 వేలు, కరెంటు 8 వేలు. మొత్తం 1,08,000. అంటే రోజుకి 3,600. ప్లేటు సగటున 50 రూపాయలనుకుంటే పప్పులూ నూనే గ్యాసూ పోను 24 మిగులుతుంది. రోజూ మొదటి 150 ప్లేట్లు ఖర్చులకే సరి. మన సంపాదన 151వ ప్లేటు నుంచి మొదలు.

కాగితాల పనీ ఉంది. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఏ అడ్రసుకి ఆ అడ్రసే, పాతది కొత్త షాపుకి పనికిరాదు. జీఎస్టీకి మాత్రం ఒకే పాన్ మీదున్న రెండు షాపుల అమ్మకాలూ కలుస్తాయి. విడివిడిగా చిన్నవైనా, కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు.

ఇవన్నీ ఎక్సెల్‌లో సర్దేశాను. సర్దలేనిది ఒక్కటే మిగిలింది. అమ్మ ఒక్కతే కదా, రెండు చోట్ల ఎలా ఉంటుంది?

ఇంజినీరు బుర్ర కదండీ, అమ్మ చేసే పద్నాలుగు ఐటమ్‌లూ గ్రాముల్లో, నిమిషాల్లో రాసేసుకున్నాను. "వారం రోజులు ఆత్రేయపురం పిన్ని దగ్గరికి వెళ్లిరా అమ్మా, మేం చూసుకుంటాం" అన్నాను. నవ్వి బస్సెక్కింది.

రెండ్రోజులు బాగానే నడిచింది. మూడో రాత్రి ఒకటే వాన. నేను రాసిన ప్రకారం ఇడ్లీ పిండి ఎనిమిది గంటలూ నానిచ్చాం. పొద్దున్న పిండి పొంగలేదు, ఇడ్లీలు గట్టిపడ్డాయి. రోజూ వచ్చే నర్సరీ మేస్త్రి ఒకటి తుంచి, ప్లేటు పక్కన పెట్టి, "అమ్మగారు ఊళ్లో లేరాండీ?" అని అడిగాడు. డబ్బులిచ్చే వెళ్లాడు. మర్నాడు రాలేదు.

ఫోన్ చేస్తే అమ్మ అంది: "పిండికి గడియారం తెలుసేంట్రా? వానొస్తే మధ్యాహ్నమే రుబ్బెయ్యాలి. గిన్నెలో ఎంత పైకొచ్చిందో చూసుకోవాలి గానీ, ఎన్ని గంటలైందని కాదు."

నేను కొలతలు రాశాను గానీ, ఏం చూసి నిర్ణయించుకోవాలో రాయలేదు. ఎవరికి అప్పు పెట్టాలి, ఏ రోజు పిండి తగ్గించాలి, ఏ కొట్లో మినప్పప్పు పాతదో, అవేవీ నా కాగితంలో లేవు.

అమెరికాలో మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో బాగా నడుస్తున్న కొట్టునే కొన్ని నెలలు మూసి, ఐటమ్‌లు బాగా తగ్గించేశారు. కొన్నేళ్ల తర్వాత టెన్నిస్ కోర్టు మీద సుద్దతో కొత్త వంటగది గీసి, పనివాళ్లని అందులో నడిపించి చూసుకున్నారు. ఊరూరా బ్రాంచీలు ఆ తర్వాతే. అంతదూరం ఎందుకు, మన కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ కూడా ఏళ్ల తరబడి ఉన్న ఊళ్లోనే పేరు తెచ్చుకుని, ఆ తర్వాతే హైదరాబాద్ దాకా వెళ్లింది.

అమ్మ రాగానే ముగ్గురం కూర్చున్నాం. షాపు అడ్వాన్సు ఇప్పుడు కట్టట్లేదు. ముందు మాస్టర్‌ని పెట్టుకుని ఆర్నెల్లు కడియంలోనే అమ్మ పక్కన నిలబెడతాం. ఈలోపు ఆయన జీతం నా జీతంలోంచి. కొత్తచోట పద్నాలుగు కాదు, ఆరే ఐటమ్‌లు. ఆర్నెల్లయ్యాక, అమ్మ వంటింట్లోకి రాకుండా కడియం హోటల్ ఒక నెల నడవాలి. నడిస్తేనే రాజమండ్రి. పుష్కరాలు దాటిపోతే దాటిపోనీ.

చుట్టాలు నన్ను పిరికివాడంటున్నారు. ఉన్న హోటల్‌ని పణంగా పెట్టి చూపించే ధైర్యం నాకొద్దు.

నిన్న పిండి గిన్నెకి లోపల గీత గీయించాను. పిండి అక్కడిదాకా వస్తేనే పొయ్యి మీదికి. అమ్మ చూసి, "ఈ ముక్క బాగా రాశావురా" అంది. మేస్త్రి కూడా మళ్లీ వస్తున్నాడు. కూర్చునే ముందు వంటింట్లోకి ఓసారి తొంగి చూస్తున్నాడు. ఆయన అలా చూడటం మానేసిన రోజు అడ్వాన్సు కడతాను.