ఆమెని ఎవరైనా అడిగారా?

ఉత్తరాంధ్ర సాహిత్య సభల్లో 'కన్యాశుల్కం' ప్రస్తావన రాకపోవడం అరుదు. 1897లో అచ్చయిన ఆ నాటకం ముందుమాటలో గురజాడ ఒక లెక్క చెప్పాడు: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1034. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు తోచే ప్రశ్న ఒకటే. పెళ్లికూతుర్ని ఎవరైనా అడిగారా? గురజాడ పేరు చెబితే చప్పట్లు కొట్టే మనం, ఇదే ప్రశ్న స్త్రీని ప్రేమించే స్త్రీ వేస్తే నీళ్లు నములుతాం.

విజయవాడలో కలిసి బతుకుతున్న ఇద్దరు స్త్రీలలో ఒకరిని తండ్రి నర్సీపట్నంలో నిర్బంధించాడంటూ రెండో ఆమె హైకోర్టుకెళ్లింది. మేజరైన ఆమె తన ఇష్టప్రకారం బతకొచ్చనీ, తల్లిదండ్రులు అడ్డుపడకూడదనీ 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. నచ్చిన మనిషితో ఉండటానికి హెబియస్ కార్పస్ వెయ్యాల్సి వచ్చిందన్నమాట! స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. 2023లో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు. ఇదంతా విదేశీ సరుకు అనేవాళ్లకి ఒక మాట: విదేశీ సరుకు 1860లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 377వ సెక్షన్.

నేనూ స్త్రీని ప్రేమించే స్త్రీనే. శ్రీకాకుళంలో మావాళ్లు నన్ను కొట్టలేదు, గదిలో పెట్టి గడియ వెయ్యలేదు. "ఓలమ్మా, డాక్టరేటయింది, ముప్పై దాటింది, ఇంకేటి?" అంటారు, ప్రేమగానే. "ఎవడో ఒకణ్ని చేసుకో, లోపల ఏటున్నా పైకి కనపడదు కదా" అని సలహా. ఆ 'ఎవడో ఒకడు' కూడా మనిషే కదా, అతని బతుకేం కావాలి? 'పెళ్లయితే బాగవుతాడు' అని గే కొడుక్కి కట్టబెట్టిన అమ్మాయిని ఎవరు అడిగారు? నలుగురి కోసం ఆడే అబద్ధం ఒక్కరితో ఆగదు. ఇద్దరి బతుకుల్ని తింటుంది.

"ముందు వరకట్నం, గృహహింస. ఇవి తర్వాత" అంటారు మన స్త్రీవాద మిత్రులు కొందరు. కూతుర్ని గదిలో బంధించడం గృహహింస కాదా? ఇష్టంలేని మగాడితో పడుకోమనడం హింస కాదా? పితృస్వామ్యం స్త్రీ శరీరాన్ని కుటుంబం ఆస్తి అంటుందని రాసిన మనం, ఆ శరీరం మరో స్త్రీని కోరుకోగానే కుటుంబం పక్షాన చేరడం ఏం న్యాయం?

సాయం కోరి వచ్చిన అమ్మాయికి సర్దుకుపొమ్మని నచ్చజెప్పి ఇంటికి పంపకండి. ఎవరితో బతుకుతావని ఆమెనే అడగండి. ఆమె చెప్పిందే జవాబుగా తీసుకోండి.