గొంతులో కోపాన్ని యంత్రం కొలవగలదా?

మనిషి గొంతును బట్టి అతడు కోపంలో ఉన్నాడో, దుఃఖంలో ఉన్నాడో చెప్పగలమనే కంప్యూటర్ పద్ధతులు పరిశోధనశాలలు దాటి పనిస్థలాలలో ప్రవేశిస్తున్నవి. కొన్ని దేశాల టెలిఫోను సేవాకేంద్రాలలో ఉద్యోగి స్వరాన్ని ఇప్పటికే వీటితో తూచుతున్నారు. కౌంటరు వద్ద, కంట్రోలు ఫోను వద్ద రోజంతా మాట్లాడక తప్పని రైల్వే, తపాలా ఉద్యోగులకు ఇది దూరపు వార్త కాదు.

యంత్రం భావాన్ని వినదు. స్వరస్థాయిని, ధ్వని తీవ్రతను, మాట వేగాన్ని అంకెలుగా మార్చి, తనకు లోగడ అందించిన నమూనాలతో పోల్చుతుంది. ఆ నమూనాలు ఎటువంటివి? పరిశోధకులు విరివిగా వాడే, 2005లో ప్రకటితమైన బెర్లిన్ సంకలనాన్నే చూద్దాం. పదిమంది నటీనటులు పది జర్మన్ వాక్యాలను ప్రతిధ్వని లేని గదిలో అభినయించి పలికారు. శ్రోతలలో 80 శాతానికి మించి సరిగా గుర్తుపట్టినవాటినే ఏరి ఉంచారు. అనగా సందిగ్ధమైన గొంతులను ముందే తొలగించారన్నమాట! ప్లాట్‌ఫారం రణగొణధ్వనిలో, రాత్రి డ్యూటీ చివరి గంటలో పలికే మాటకు ఆ గదిలో చోటెక్కడిది? పైగా కోపంలోనూ, సంతోషంలోనూ గొంతు హెచ్చుతుంది కనుక, ఒకదానిని మరొకటిగా పొరబడడం ఈ శాస్త్రానికి పాత జబ్బే.

మనుషులూ పొరబడుతారు. షేరర్ బృందం 2001లో ప్రకటించిన పరిశోధనలో జర్మన్ నటుల గొంతులను తొమ్మిది దేశాలవారికి వినిపించగా, సరిగా గుర్తించినది సగటున 66 శాతమే. జర్మన్లు 74 శాతం సాధించగా ఇండోనీషియావారు 52 శాతం వద్ద ఆగిపోయారు. యాస మారితే భావం తప్పుగా వినబడుతుందని శ్రీకాకుళం నుండి ఆదిలాబాదుకు బదిలీ అయినవారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే తోటి మనిషి సందేహం వస్తే "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతాడు. యంత్రం అడగదు, నమోదు చేస్తుంది.

పనిస్థలాలలోను, విద్యాసంస్థలలోను ఇట్టి యంత్రాలతో భావాలను ఊహించడాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి 2 నుండి నిషేధించినది. వైద్య, భద్రతా అవసరాలకు మాత్రం మినహాయింపు ఉన్నది. రైల్వేలలో "భద్రత" పేరిట ఏదైనా ప్రవేశపెట్టవచ్చునని ఎరిగిన మనం ఈ మినహాయింపును జాగ్రత్తగా చదవాలి. మన పార్లమెంటు 2023లో ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అట్టి నిషేధమే లేదు. సరికదా, ఉద్యోగ అవసరాల నిమిత్తం ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వాడుకొనే వీలు యజమానికి అందులో కల్పించబడినది.

ప్రమాద విచారణకై సంభాషణలను రికార్డు చేయడాన్ని మేము ఆక్షేపించడం లేదు. ఆ రికార్డులనుండి ఉద్యోగి మనఃస్థితిని అంచనా కట్టి ఛార్జిషీటుకో, పదోన్నతి నిరాకరణకో వాడరాదని ప్రభుత్వం లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇటువంటి పథకం ఏదైనా పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశాలలో చర్చకు రాకుండా ఏ డివిజన్‌లోనూ, ఏ సర్కిల్‌లోనూ ప్రయోగాత్మకంగానైనా ఆరంభించరాదు.