ఇన్నేళ్లకా తీర్పు?

'ఎప్పుడో జరిగిన దాన్ని ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకమ్మా?' పాత నేరం కోర్టుకెక్కినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. అనేవాళ్లలో మన ఆడవాళ్లూ తక్కువేం కాదు. కానీ చాలాసార్లు ఆలస్యం చేసేది ఫిర్యాదు చేసిన మనిషి కాదు.

తమిళనాడులోని వాచాత్తినే చూడండి. ధర్మపురి జిల్లాలో ఓ గిరిజన గ్రామం. గంధపు చెక్కల కోసం సోదా అంటూ 1992 జూన్ 20న అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఊరి మీద పడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు. 18 మంది ఆడవాళ్లపై అత్యాచారం చేశారు. సీబీఐ దర్యాప్తులో 269 మంది నిందితులుగా తేలారు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు తీర్పు చెప్పేనాటికి వాళ్లలో 54 మంది చనిపోయారు. మిగిలిన 215 మందీ దోషులేనంది కోర్టు. వాళ్లు అప్పీలుకెళ్లారు. మద్రాసు హైకోర్టు ఆ అప్పీళ్లను కొట్టేసింది 2023 సెప్టెంబరు 29న. సరిగ్గా పన్నెండేళ్లు!

అప్పీలు చేసుకోవడం శిక్షపడ్డవాడి హక్కు, కాదనలేం. కింది కోర్టు పొరబడితే అమాయకుడు జైల్లో మగ్గకూడదు కదా. తీర్పుకు ముందు జస్టిస్ వేల్మురుగన్ స్వయంగా ఆ ఊరెళ్లి చూసొచ్చారు. అంత శ్రద్ధా అవసరమే. దానికి పన్నెండేళ్లు ఎదురుచూడాలా అన్నదే బాధ. ఒకవేళ వాళ్లలో నిర్దోషి ఉంటే అతనికీ అది శిక్షేగా!

మన వాకపల్లి కథ ఇంకోలా ముగిసింది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని విశాఖ మన్యంలోని 11 మంది గిరిజన మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే కోర్టు దర్యాప్తు సరిగా జరగలేదంది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమనీ చెప్పింది. రుజువు లేకుండా ఎవరికీ శిక్ష వేయకూడదు, ఒప్పుకుందాం. మరి ఆ రుజువులు సేకరించాల్సింది ఎవరు? మొదటి రోజుల్లో దర్యాప్తు అధికారి చేయని పని పదహారేళ్ల తర్వాత ఏ జడ్జీ చేయలేరు.

ఒక సంగతి చాలామందికి తెలీదు. నిందితుడు విడుదలైతే అప్పీలు చేసే హక్కు 2009 డిసెంబరు 31 నుంచి బాధితురాలికీ ఉంది. అంతకుముందు సర్కారు దయ. లాయరు ఫీజు ఇచ్చుకోలేమని ఊరుకోనక్కర్లేదు. తీర్పు కాపీ పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే ఉచితంగా లాయర్ని పెడతారు. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతని కూడా చూడరు.