స్నేహాన్ని కోరిన బిషప్

1910 జూన్ మాసం. స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరుగుతున్నది. పన్నెండు వందలకు పైగా ఉన్న ప్రతినిధులలో ఆసియా వాసులు ఇరవైమందికి మించరు. వారిలో ఒకరైన ముప్ఫై అయిదేళ్ల తమిళ క్రైస్తవ గురువు లేచి, సభికులు ఎదురుచూడని మాట ఒకటి చెప్పారు. విదేశీ మిషనరీల త్యాగాలను ఆయన కాదనలేదు. అయితే వారికీ, వారితో కలిసి శ్రమిస్తున్న భారతీయులకూ మధ్య ఉన్న సంబంధం యజమానికీ సేవకునికీ మధ్య ఉండేటటువంటిదని నిర్మొహమాటంగా అన్నారు. తమవారికి కావలసినది దయాధర్మం కాదనీ, స్నేహమనీ విన్నవించారు. ఆ మాట కొందరికి కటువుగా తోచింది. కాని సభ ముగిసిన తరువాత ఎక్కువకాలం జ్ఞాపకం ఉండిపోయిన ప్రసంగాలలో అదొకటి.

ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. గ్రామ చర్చి గురువుగా ఉన్న తండ్రి 1889లో మరణించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివిన అజరయ్య పట్టా పుచ్చుకోకుండానే వై.ఎం.సి.ఏ.లో ప్రవేశించి, 1895 నుంచి 1909 వరకు కార్యదర్శిగా పనిచేశారు. సువార్త ప్రచారం కోసం భారతీయులు విదేశీ ధనం మీద ఆధారపడటం ఆయనకు నచ్చలేదు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత మిషనరీ సంఘాన్ని స్థాపించుకోవడంలో ఆయన ముఖ్యపాత్ర వహించారు.

ఆ సంఘం ఎంచుకున్న కార్యక్షేత్రం నైజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరులను పంపిన వాడు తాను వెళ్లకపోవడం న్యాయం కాదని తోచి, 1909లో అభిషేకం పొంది అజరయ్య స్వయంగా అక్కడికి చేరారు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీదా కాలినడకనా పల్లెలు తిరిగారు.

మూడేళ్లకు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనను బిషప్ పదవికి ప్రతిపాదించినప్పుడు అభ్యంతరాలు లేచాయి. తెల్లవారు ఒక భారతీయుని అధికారం కింద పనిచేయడమేమిటని కొందరు సందేహించారు. వాటినన్నిటినీ దాటి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయన అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆయనే తొలి భారతీయ బిషప్.

డోర్నకల్ డయాసిస్‌లోని క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ కులాల నిరుపేదలు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు శత్రువులను జయించమని ఆయన వారికి బోధించేవారు. చర్చిలో అడుగుపెట్టిన తరువాత కూడా వేరు వేరు పంక్తులలో కూర్చోవడాన్ని ఆయన సహించలేదు. ఎడిన్‌బరోలో తెల్లవారిని అడిగిన సమత్వాన్నే డోర్నకల్‌లో తన ప్రజలనూ అడిగారు.

1930 దశకంలో సామూహిక మతాంతరీకరణల విషయమై మహాత్మా గాంధీకీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఏర్పడింది. తమ విశ్వాసాన్ని తామే నిర్ణయించుకోగల వివేకం హరిజనులకు ఉన్నదని అజరయ్య వాదించారు. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న కోరికను ఆయన బలపరచలేదు. అవి దేశప్రజల నుంచి క్రైస్తవులను వేరుచేస్తాయని ఆయన భయం.

ఆయన భావాలకు రాతిరూపం డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రల్. మసీదులను తలపించే గుమ్మటాలూ, దేవాలయాలను తలపించే స్తంభాలూ దానిలో ఒకే కప్పు కింద ఒదిగాయి. ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగిన నిర్మాణం పూర్తయి, 1939 జనవరి 6న అది ప్రతిష్ఠితమైంది.

చీలిపోయిన ప్రొటెస్టెంటు శాఖలను ఏకం చేయాలని 1919లో తరంగంబాడిలో ప్రారంభమైన ప్రయత్నానికి ఆయన ప్రాణం పోశారు. ఫలితాన్ని చూసే భాగ్యం మాత్రం దక్కలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న అవతరించింది.

ఆయన పదవిలో ఉన్న ముప్ఫై రెండేళ్లలో ఆంగ్లికన్ చర్చి మరే భారతీయునికీ ఒక డయాసిస్‌ను పూర్తిగా అప్పగించలేదు. సహాయక బిషప్పులుగా కొందరికి మాత్రం అవకాశమిచ్చింది. తలుపు తెరిచిన తొలి వ్యక్తి జీవితాంతం ఆ గడపలో ఒంటరిగానే నిలిచారు. 1910లో ఆయన కోరిన స్నేహం ఎంత విలువైనదో, ఎంత ఆలస్యంగా లభించినదో ఈ ఒక్క విషయమే చెబుతుంది.