చేవ్రాలును వెలయును

పాఠశాల విడిచిపోవు విద్యార్థులు సంవత్సరాంతమున చిన్న పుస్తకములు చేతబట్టుకొని, ఉపాధ్యాయుల యొద్దకును సహాధ్యాయుల యొద్దకును వచ్చి చేవ్రాలు కోరుట మన మెల్లరము ఎరిగినదే. ఆ పుస్తకముల నెవ్వరును కొనరు, ఎవ్వరును అమ్మరు. అయినను వానిని పెట్టెలో భద్రపరచుకొనని వారరుదు. ఈ వాంఛయే అమెరికా దేశమున గొప్ప వ్యాపారముగా పరిణమించినది. మనవారికి క్రికెట్టునందెంత ప్రీతియో ఆ దేశీయులకు బేస్‌బాల్ నందంత ప్రీతి. ఆట మానుకొనిన వృద్ధ క్రీడాకారులచేత బంతుల మీదను, బ్యాట్ల మీదను, ఛాయాచిత్రముల మీదను చేవ్రాళ్లు వ్రాయించుకొని కూర్చువారు అచ్చట ననేకులు గలరు. ఇది మంచి యలవాటా, చెడ్డ యలవాటా? ఈ విషయమై నా యభిప్రాయమును మనవి చేయుచున్నాను.

చేవ్రాళ్లు సంపాదించుటకు మిక్కిలి చౌకయైన మార్గము తపాలా. కోరువాడు ఆ క్రీడాకారునికి మర్యాదగా నొక జాబు వ్రాసి, ఆయన చిత్రముగల కార్డును, తన చిరునామా వ్రాసి తపాలాబిళ్ల యంటించిన కవరును అందులో నుంచి పంపును. వృద్ధులలో ననేకులు చేవ్రాలు చేసి తిరుగ పంపుదురు. ఇట్టి జాబు చక్కగా వ్రాయుటకు బాలుడు ఆ మనుష్యుని చరిత్రమును ముందుగా చదువవలెను; ఆయన యే జట్టున నాడెనో, ఏమి సాధించెనో తెలిసికొనవలెను. ఇది విద్యయే గాని వ్యర్థ కాలక్షేపము గాదు.

మిన్నెసోటా ట్విన్స్ జట్టున పేరొందిన హార్మన్ కిల్లబ్రూ 573 హోమ్ రన్లు కొట్టి, 1984లో కూపర్స్‌టౌన్ నందలి కీర్తిమందిరమున స్థానము పొందెను. ఆయన తన పేరును ప్రతి యక్షరమును తెలియునట్లు వ్రాసెడివాడు. గిలికినట్లు వ్రాయు యువక్రీడాకారులను మందలించి, స్పష్టముగా వ్రాయుడని బోధించెడివాడు. ఆయన 2011లో మరణించెను. అయినను ఆ చేవ్రాలిని నేటికిని ఎవ్వరైనను చదువగలరు. దస్తూరి విషయమై విసుగుకొను మన విద్యార్థులు దీనిని గమనింతురు గాక.

“పేరు వ్రాయుటకు రొక్కమడుగుట అల్పత్వము గాదా?” అని కొందరాక్షేపింతురు. ఈ యాక్షేపణ నాకు సమ్మతము గాదు. నేటి క్రీడాకారుల యపార ధనమును చూచి పూర్వులును అట్టివారేయని తలంపరాదు. 1980కి పూర్వము ఆడినవారికి నాలుగు సంవత్సరముల సేవ లేనియెడల పింఛను లేదు. ఆ యేట నిబంధన మారి, అటుపిమ్మట ఆడువారికి 43 దినముల సేవయే చాలునని యేర్పడినది. కాని ఆ మేలు వెనుకటి వారికి వర్తింపలేదు. 1947 మొదలు 1979 వరకు ఆడి, ఇట్లు వెలియైన వారికి, 2011లో సేవాకాలమును బట్టి సంవత్సరమునకు 10,000 డాలర్లకు మించని సహాయము చేయుట కొక యేర్పాటు జరిగెను. అట్టి వృద్ధుడు చేవ్రాలునకు స్వల్పమైన రుసుము కోరినయెడల సణుగక యిచ్చుట న్యాయము. అయితే ఆ రాబడి ధర్మమార్గమున నుండవలెను. కీర్తిమందిరమున స్థానము పొందిన డ్యూక్ స్నైడర్, విల్లీ మెకోవీ అను నిరువురు చేవ్రాళ్లవలన వచ్చిన ధనమును పన్నుల లెక్కలో చూపనందున 1995లో న్యాయస్థానమున నేరము నొప్పుకొనవలసి వచ్చెను.

ఇంతకంటె ఘోరమైనది కూటసృష్టి. 1990 తరువాతి దశాబ్దమున అమెరికా కేంద్ర నేరపరిశోధకశాఖవారు “ఆపరేషన్ బుల్‌పెన్” అను పేర విచారణ జరిపి, దొంగ చేవ్రాళ్ల ముఠాలను పట్టుకొనిరి. 1948లోనే మరణించిన బేబ్ రూత్ పేరును క్రొత్తగా వ్రాసి యమ్ముచుండిరి. బేస్‌బాల్ బంతిమీద మదర్ థెరీసా చేవ్రాలు సైతము దొరకెను! అటుపిమ్మట 2001 మొదలు ప్రధాన లీగువారు, సాక్షి కన్నులార చూచిన వస్తువునకే ముద్ర వేయు పద్ధతి నేర్పరచిరి.

అపొస్తలుడైన పౌలు తన పత్రికల చివర స్వహస్తముతో వందనము వ్రాసి దానిని గురుతుగా నుంచెనని మన మెరుగుదుము. తన పేర దొంగ పత్రికలు పుట్టునను శంక ఆయనకును కలిగెను. కావున రోగము క్రొత్తది గాదు. దొంగ నిందార్హుడే, కాని మనుష్యుని యెరుగక, ఎరుగ గోరక, పేరు మాత్రము కావలెనని సంచి విప్పువాడు లేనియెడల దొంగకు బేరమెక్కడిది? కొనువాడు రేపు హెచ్చువెలకు అమ్మజూచును. వాని కంటికి బంతి యొక హుండీ. దానిమీద పేరున్న వృద్ధుడు కనబడడు.

కావున నా నిశ్చితాభిప్రాయ మిది. చేవ్రాళ్లు కూర్చుట తప్పు గాదు. అడిగి తీసికొనుడు, అంగడిలో కొనకుడు. అడుగుటకు ముందు ఆ మనుష్యుని గూర్చి తెలిసికొనుడు. రుసుము కోరిన నిండు మనస్సుతో నిండు. జవాబు రాకున్న వృద్ధుని నిందింపకుడు. ఆయన చేయి వణకుచుండవచ్చును. వచ్చినప్పుడు కృతజ్ఞతతో మరల నొక జాబు వ్రాయుడు. ఎండ తగిలిన సిరా వెలిసిపోవును గనుక ఆ బంతిని నీడన నుంచుడు.

విద్యార్థులారా, ఈ సంవత్సరాంతమున మీరును పుస్తకములు పట్టుకొని వత్తురు. మా పేరులతో పాటు, గంట కొట్టు వృద్ధుని పేరును వ్రాయించుకొనుడు. ఆ పేజీకి అంగడిలో వెల లేదు. మీ పెట్టెలో మాత్రము దానికి చోటుండవలెను.